జాన్ వెస్లీ గారు, ఆయన లెక్కల పుస్తకం

ఈసారి మన తెలుగు మేడం మహనీయుల జీవితాల గురించి రాయమన్నారు. పదో తరగతి అక్క కొమురం భీం గారి గురించి రాసింది. అల్లూరి సీతారామరాజు గారి గురించి ఇద్దరు రాశారు. నేను జాన్ వెస్లీ గారి గురించి రాస్తున్నాను. ఆయనెవరని మీరు అడగొచ్చు. మా గూడెంలో వెస్లీ అని పేరున్న అబ్బాయిలు ఇద్దరున్నారు గానీ ఆ పేరు ఎవరిదో వాళ్ళకే తెలవదు. మొన్న వేసవి సెలవుల దాకా నాకూ తెలవదు. మా పాస్టరుగారి ఇంట్లో చిన్న పుస్తకం ఉంటే అడిగి తెచ్చుకుని చదివాను. తర్వాత సోషల్ మేడం ఇంకో పెద్ద పుస్తకంలోని సంగతులు చదివి చెప్పారు. రెండూ కలిపి రాస్తున్నాను.

నేను మతం గురించి చెప్పడానికి రాయట్లేదు. మన హాస్టల్లో ముత్యాలమ్మకి మొక్కేవాళ్ళున్నారు, చర్చికి పోయేవాళ్ళున్నారు, రెండింటికీ పోయేవాళ్ళు కూడా ఉన్నారు. నేను రాసేది డబ్బు సంగతి. ఉన్నదాంట్లో మనకెంత, ఎదుటివాళ్ళకెంత అనే సంగతి. డబ్బే లేనోళ్ళం మనకెందుకీ కథ అనుకోకండి. ముందు నేను కూడా అట్లాగే అనుకున్నాను.

జాన్ వెస్లీ గారు 1703వ సంవత్సరం జూన్ 17న ఇంగ్లాండు దేశంలో లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి శామ్యూల్ వెస్లీ గారు ఆ ఊరి చర్చి గురువు. తల్లి సుసన్నా గారు. వాళ్ళకి 19 మంది పిల్లలు. అందులో సగం మంది దాకా చిన్నతనంలోనే చనిపోయారు. గురువుగారంటే బాగా ఉన్నవాళ్ళని అనుకుంటాం గదా, కానీ ఆ ఇంట్లో ఎప్పుడూ అప్పులే. 1705లో అప్పు కట్టలేదని శామ్యూల్ గారిని లింకన్ కోటలో ఉన్న జైల్లో పెట్టారు. అప్పటికి జాన్ గారికి రెండేళ్ళు.

ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అప్పు కోసం మా నాన్నని ఎవరూ జైల్లో పెట్టలేదు. కానీ విత్తనాలకి అప్పు ఇచ్చినాయన ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే మా నాన్న చుట్టూ తిరిగి చెరువు గట్టు మీద నుంచి వస్తాడు. నన్ను కూడా అట్లాగే తీసుకొచ్చేవాడు. చిన్నప్పుడు ఆ దారి చల్లగా ఉంటదని వస్తున్నాం అనుకునేదాన్ని.

1709 ఫిబ్రవరిలో వాళ్ళ ఇల్లు రాత్రిపూట కాలిపోయింది. పైకప్పు గడ్డిది. అందరూ బయటికి వచ్చారు గానీ ఐదేళ్ళ జాన్ మేడ మీద నిద్రలో ఉండిపోయాడు. లేచి చూస్తే చుట్టూ మంట. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నిచ్చెన తెచ్చేంత టైం లేదు. ఒక మనిషి భుజాల మీద ఇంకో మనిషి ఎక్కి పిల్లాణ్ణి కిందికి లాగాడు. ఆ తర్వాత కప్పు కూలిపోయింది. ఎండాకాలంలో పూరిల్లు అంటుకుంటే ఎట్లా ఉంటదో మనలో చాలామందికి తెలుసు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నదంతా పోయింది. ఆ ఇద్దరు మనుషులు ఒకరి భుజం ఒకరికి ఇచ్చారు. ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఆ టైంలో ఉన్నది భుజాలే.

1714లో లండన్‌లో చార్టర్‌హౌస్ అనే బడిలో చేరారు. ఫీజు లేని సీటు దొరికింది. అది కూడా మనలాగా అక్కడే ఉండి చదువుకునే బడి. అక్కడ పెద్ద పిల్లలు చిన్నపిల్లల కంచాల్లో మాంసం లాక్కుని తినేవారంట. జాన్ గారికి ఎక్కువ రోజులు వట్టి రొట్టే మిగిలేది. ఆదివారం కోడికూర రోజు సంగతి మనకి తెలుసు కాబట్టి నేను ఇంకేమీ రాయను. ఆయన మాత్రం తండ్రి చెప్పినట్టు రోజూ పొద్దున్నే బడి తోట చుట్టూ మూడుసార్లు పరుగెత్తేవారు. అందుకే ముసలితనం దాకా గట్టిగా ఉన్నారంటారు.

1720లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1726లో అక్కడే లింకన్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఆయన, తమ్ముడు చార్లెస్, ఇంకా కొంతమంది స్నేహితులు కలిసి ఒక గుంపుగా ఉండేవారు. జైలుకి పోయి ఖైదీలను చూసేవారు, పేదపిల్లలకి చదువు చెప్పించేవారు, ఏ గంటకి ఏ పని చెయ్యాలో రాసుకుని ఆ ప్రకారం చేసేవారు. మిగతా విద్యార్థులు ఎగతాళిగా వాళ్ళకి మెథడిస్టులు అని పేరు పెట్టారు. ఒక పద్ధతి ప్రకారం నడిచేవాళ్ళని దాని అర్థం. ఎగతాళి పేరే తర్వాత పెద్ద పేరైంది.

ఇక్కడ నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి ఒకటి రాయాలి.

ఒక చలికాలంలో వెస్లీ గారు తన గది గోడలకి పెట్టుకోవడానికి బొమ్మల పటాలు కొనుక్కున్నారు. అవి తగిలించుకున్న రోజుల్లోనే ఒక పేదపిల్ల ఆయన గదికి వచ్చింది. బయట బాగా చలి. ఆ పిల్ల ఒంటి మీద పలచటి నారగుడ్డ గౌను ఒక్కటే ఉంది, వణుకుతోంది. ఇంకేమీ లేదా అని ఆయన అడిగితే లేదంది. కోటు కొనుక్కోవడానికి డబ్బులిద్దామని ఆయన జేబులో చెయ్యి పెట్టారు. పెద్దగా ఏమీ లేదు. డబ్బంతా పటాలకి అయిపోయింది. తల ఎత్తి గోడల వంక చూస్తే ఆ పటాలు తన మీద సాక్ష్యం చెప్తున్నట్టు అనిపించింది. ఆ పిల్ల కప్పుకోవాల్సిన గుడ్డతో నేను గోడకి సింగారం చేశాను అని బాధపడ్డారు.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ వెస్లీ గారి వైపు నుంచి చెప్తారు. ఆయన ఎంత మంచివాడో, ఎట్లా మారాడో అని. నేను చదువుతుంటే మాత్రం ఆ పిల్ల వైపే చూశాను. ఎందుకంటే ఆరో తరగతిలో ఈ బడికి వచ్చినప్పుడు నేను కూడా అట్లాగే ఉన్నాను. డిసెంబర్ నెల. నాకు స్వెట్టర్ లేదు, తెచ్చుకున్న దుప్పటి పాతది, సగం చినిగింది. ఎవరినైనా అడగాలంటే నోరు రాదు. ఆ పిల్ల ఆ గుమ్మం ముందు నిలబడటానికి ఎంతసేపు ఆలోచించి ఉంటదో నాకు తెలుసు. నాకు ఎనిమిదో తరగతి అక్క ఒకామె తన దుప్పటిలో జాగా ఇచ్చింది. ఆమెది కూడా ఒక్క దుప్పటే. వేసవి సెలవుల దాకా ఇద్దరం అందులోనే పడుకున్నాం. ఆ అక్క ఇప్పుడు నర్సు ట్రైనింగులో ఉంది.

ఆ పిల్ల వచ్చి పోయాక వెస్లీ గారు తన ఖర్చులు లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు. 1731 ప్రాంతం సంగతి ఇది. మనకి అర్థం కావడానికి ముందు వాళ్ళ డబ్బు చెప్తాను. అప్పట్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. మొదటి సంవత్సరం ఆయనకి 30 పౌన్లు వచ్చాయి. 28 పౌన్లతో బతికి 2 పౌన్లు పేదలకి ఇచ్చారు. రెండో సంవత్సరం 60 పౌన్లు వచ్చాయి. మళ్ళీ 28 తోనే బతికి 32 ఇచ్చేశారు. మూడో సంవత్సరం 90 వచ్చాయి, 62 ఇచ్చారు. నాలుగో సంవత్సరం 120 వచ్చాయి, 92 ఇచ్చారు. నేను తీసివేతలు చేసి చూశాను, సరిగ్గా సరిపోయింది.

మామూలుగా మనిషికి రాబడి పెరిగితే ఖర్చు కూడా పెరుగుతుంది. సైకిల్ ఉన్నాయన బండి కొంటాడు, బండి ఉన్నాయన ఇంకో పెద్ద బండి కొంటాడు. ఆయన 28 దగ్గర గీత గీసి అక్కడే ఆగారు. ఆ గీత పైన వచ్చింది తనది కాదు, దేవుడు ఎవరికో ఇమ్మని తన చేతికిచ్చినది అనుకున్నారు. తర్వాత పుస్తకాలు రాసి చవకగా అమ్మితే అనుకోకుండా బాగా డబ్బు వచ్చింది. ఒక సంవత్సరం 1400 పౌన్ల దాకా వచ్చిందంటారు. అప్పుడు కూడా 30 పౌన్లతోనే గడుపుకున్నారు. జీవితం మొత్తం మీద ఇచ్చింది 30,000 పౌన్ల దాకా ఉంటుందని లెక్క.

ఇక్కడ నాకొక సందేహం వచ్చింది. 28 పౌన్లున్న మనిషి గీత గీసుకోగలడు. గీతకి కిందే ఉన్నవాళ్ళు ఏమివ్వాలి? మా అమ్మ మీద నాకు కోపం వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. మా ఇంట్లో పొయ్యి పక్కన చిన్న కుండ ఉంటది. మా అమ్మ బియ్యం కొలిచి కడిగే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేస్తది. ఆదివారం అది చర్చికి తీసుకుపోతుంది. మన వైపు చాలా చర్చిల్లో ఆడవాళ్ళు ఇట్లా చేస్తారు, పిడికెడు బియ్యం అంటారు. ఒక శ్రావణమాసంలో మా ఇంట్లో బియ్యం అయిపోవచ్చాయి. నాట్లు పడలేదు, కూలి లేదు. రాత్రికి నలుగురికి రెండు గిద్దెలు కూడా లేవు. అందులోంచి కూడా అమ్మ పిడికెడు తీసింది. నేను చూసి గట్టిగా అరిచాను. తమ్ముడు ఆకలికి ఏడుస్తుంటే దేవుడికి బియ్యమెందుకన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ పూట తన కంచంలో గంజి పోసుకుంది. ఈ సంగతి మళ్ళీ చెప్తాను, ముందు వెస్లీ గారి జీవితం అయిపోనీయండి.

1735లో ఆయన ఓడెక్కి అమెరికాలోని జార్జియాకి పోయారు. అక్కడి ఆదివాసులకి బోధించాలని ఆయన కోరిక. అవును, ఆదివాసులకే. 1736 ఫిబ్రవరిలో యమక్రా అనే జాతి పెద్ద తోమోచిచి వచ్చి ఆయన్ని కలిశారు. ముందు మాకు అర్థమయ్యేట్టు చెప్పండి, స్పానిష్ వాళ్ళు చేసినట్టు తెలియకుండానే మమ్మల్ని క్రైస్తవులను చెయ్యొద్దు అని ఆ పెద్దాయన అన్నారంట. నాకు ఆ మాట చాలా నచ్చింది. అయితే వెస్లీ గారు అక్కడ అనుకున్నది చెయ్యలేకపోయారు. తెల్లవాళ్ళతోనే గొడవలొచ్చి 1737 డిసెంబర్‌లో తిరిగి ఓడెక్కారు. పోయే ముందు ఆ ఆదివాసుల గురించి తిండిపోతులు, తాగుబోతులు, దొంగలు అని డైరీలో రాసుకున్నారు. ఇది నాకు నచ్చలేదు. మేడంని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు, అందుకని రాశాను. వాళ్ళ భాష రాని మనిషి వాళ్ళని దొంగలని ఎట్లా అంటాడు? మన గురించి కూడా బయటివాళ్ళు ఇట్లాంటివి రాసి ఉంటారు.

1738 మే 24న లండన్‌లో ఒక ప్రార్థన కూటంలో ఆయన మనసు మారింది. భయం పోయి నమ్మకం కలిగింది. 1739 నుంచి చర్చి గోడలు దాటి బయట మైదానంలో బోధించడం మొదలుపెట్టారు. బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్‌లో బొగ్గుగని కూలీలు ఆయన మాట వినడానికి వచ్చేవారు. అప్పటిదాకా వాళ్ళని ఎవరూ పిలిచి కూర్చోబెట్టింది లేదు. అక్కడి నుంచి యాభై ఏళ్ళు గుర్రం మీద తిరిగారు. మొత్తం రెండున్నర లక్షల మైళ్ళు అని లెక్క కట్టినవాళ్ళున్నారు. గుర్రం మీదే పుస్తకం చదివేవారంట.

లండన్‌లో ఫిరంగులు పోత పోసే పాత కార్ఖానా పాడుబడి ఉంటే దాన్ని తీసుకుని బాగుచేయించారు. దాని పేరు ఫౌండరీ. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఇష్టమైనది ఈ ఫౌండరీ. అక్కడ ఏమేం జరిగాయో వివరంగా రాస్తాను.

1740 చలికాలంలో పని లేక చాలామంది తిండికి ఇబ్బంది పడ్డారు. వెస్లీ గారు వాళ్ళలో అందరికంటే పేదవాళ్ళను 12 మందిని పిలిచి, నేర్పించే మనిషిని పెట్టి, దూది ఏకి నూలు వడికే పని ఇచ్చారు. నాలుగు నెలలు, చలి పోయేదాకా. వాళ్ళ తిండి వాళ్ళే సంపాదించుకున్నారు. అక్కడే దిక్కులేని విధవరాళ్ళకి ఇల్లు ఏర్పాటు చేశారు. వెస్లీ గారు, మిగతా బోధకులు ఊళ్ళో ఉన్నప్పుడు వాళ్ళతో ఒకే బల్ల దగ్గర, అదే తిండి తినేవారు. ఇది చిన్న సంగతి కాదు. దానం చేసేవాళ్ళు చాలామంది ఉంటారు, పక్కన కూర్చుని తినేవాళ్ళు తక్కువ. ఒక బడి కూడా పెట్టారు, 60 మంది దాకా పిల్లలు చదివేవారు.

1746లో మందులిచ్చే చోటు తెరిచారు. మందుల తయారీ తెలిసినాయన్ని, కోతల వైద్యుణ్ణి తోడు పెట్టుకున్నారు. ఐదు నెలల్లో 500 మందికి పైగా మందు తీసుకున్నారు. 1747లో ఒక వైద్యం పుస్తకం అచ్చువేశారు, వెల ఒక షిల్లింగు. డాక్టరుకి డబ్బు ఇచ్చుకోలేనివాళ్ళ కోసం అది. అందులో చిట్కాలన్నీ ఇప్పుడు పనికిరావు. బట్టతలకి ఉల్లిపాయ ఎర్రగా అయ్యేదాకా రుద్ది తర్వాత తేనె రాయాలని ఉందంట. మన అటెండర్ తాతకి చెప్తే నవ్వాడు.

అదే 1746లో ఇంకో పని చేశారు. చిన్నచిన్న పనులు చేసుకునేవాళ్ళకి ఒక్కోసారి కొద్ది డబ్బు అవసరమయ్యేది. తోలు కొనాలి, నూలు కొనాలి. తాకట్టు వ్యాపారి దగ్గరికి పోవడం వాళ్ళకి ఇష్టం లేదు, వేరే ఎవరినడగాలో తెలవదు. వెస్లీ గారు లండన్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగి, ఉన్నవాళ్ళని అడిగి 50 పౌన్లు పోగుచేశారు. ఇద్దరు మనుషులకి అప్పగించారు. వాళ్ళు ప్రతి మంగళవారం పొద్దున కూర్చుని అడిగినవాళ్ళకి అప్పు ఇచ్చేవారు. ఒక్కరికి 20 షిల్లింగులకి మించకూడదు, మూడు నెలల్లో తిరిగి కట్టాలి. ఒక్క సంవత్సరంలో 250 మంది అందులోంచి సాయం పొందారు.

50 పౌన్లతో 250 మందికి ఎట్లా సరిపోయింది అని నేను నోటుబుక్కు వెనక లెక్క వేశాను. 20 షిల్లింగులంటే ఒక పౌను. మూడు నెలలకొకసారి డబ్బు తిరిగొస్తే సంవత్సరానికి నాలుగుసార్లు తిరుగుతుంది. 50 ఇంటూ 4, 200 మంది. కొందరు పౌనుకంటే తక్కువ తీసుకుని ఉంటారు, కొందరు తొందరగా కట్టి ఉంటారు. అట్లా 250. దానంగా పంచేస్తే 50 మందితో అయిపోయేది. మన అమ్మల పొదుపు సంఘం కూడా ఇట్లాగే గదా. ఇది జరిగి 270 ఏళ్ళకి పైనే అయింది.

తర్వాత కాలంలో అప్పు పరిమితి పెంచారు. జేమ్స్ లాకింగ్టన్ అని చెప్పులు కుట్టే ఆయన అందులో 5 పౌన్లు తీసుకుని పాత పుస్తకాల కొట్టు పెట్టుకున్నాడు. కొన్నేళ్ళకి సంవత్సరానికి లక్ష పుస్తకాల దాకా అమ్మేంత పెద్ద వ్యాపారి అయ్యాడు. అయ్యాక ఏం చేశాడో తెలుసా, మెథడిస్టుల్ని ఎగతాళి చేస్తూ పుస్తకం రాశాడు. ముసలితనంలో మళ్ళీ తప్పు ఒప్పుకున్నాడు. ఇచ్చినవాళ్ళని అందరూ గుర్తుపెట్టుకోరు. అయినా ఆ మంగళవారం బల్ల ఆగలేదు.

ఇప్పుడు మా అమ్మ కుండ సంగతి. ఆ సంవత్సరమే భాద్రపదంలో మా నాన్నకి మలేరియా వచ్చింది. మా ఏజెన్సీలో వానాకాలం అది మామూలే. పది రోజులు మంచంలో ఉన్నాడు. ఒక సాయంత్రం చర్చి పెద్దమ్మ ఒకామె గోనెసంచిలో బియ్యం తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయింది. సంచి విప్పితే అందులో దొడ్డు బియ్యం, సన్న బియ్యం, కోటా బియ్యం, ఎర్ర బియ్యం, అన్నీ కలిసి ఉన్నాయి. పాతిక ఇళ్ళ పిడికిళ్ళు అవి. మా అమ్మ వేసినవి కూడా అందులో ఎక్కడో ఉంటాయి. ఉడికితే కొన్ని మెత్తగా, కొన్ని పలుకుగా అయ్యాయి. నేను తలెత్తకుండా తిన్నాను. అమ్మ మాత్రం ఆ బియ్యం కొలిచేటప్పుడు కూడా మళ్ళీ ఒక పిడికెడు తీసి కుండలో వేసింది.

వెస్లీ గారు 1760లో డబ్బు వాడుక గురించి ఒక ప్రసంగం అచ్చువేశారు. అందులో మూడు సంగతులు చెప్పారు. కష్టపడి సంపాదించాలి, దుబారా చెయ్యకుండా మిగుల్చుకోవాలి, మిగిలింది ఇవ్వాలి. సంపాదించడానికి కూడా హద్దు పెట్టారు. ఒళ్ళు పాడుచేసుకుని సంపాదించకూడదు, పక్కవాణ్ణి పాడుచేసి సంపాదించకూడదు. సారా అమ్మి బతికేవాళ్ళు మనుషులకి విషం పెడుతున్నట్టే అన్నారు. మా గూడెంలో ఇది చదివి వినిపిస్తే ఆడవాళ్ళందరూ తలలూపుతారు. ముసలితనంలో ఆయనకొక దిగులు ఉండేది. తన వెంట వచ్చినవాళ్ళు సంపాదించడం నేర్చుకున్నారు, మిగల్చడం కొందరు నేర్చుకున్నారు, ఇవ్వడం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు అని.

1776లో పన్నుల అధికారులు ఆయనకి జాబు రాశారు. ఇంత పేరున్న మనిషి ఇంట్లో వెండి సామాన్లు చాలా ఉండి ఉంటాయి, దాచిపెట్టి పన్ను ఎగ్గొడుతున్నాడని వాళ్ళ అనుమానం. లండన్‌లో రెండు వెండి చెంచాలు, బ్రిస్టల్‌లో రెండు వెండి చెంచాలు ఉన్నాయి, చుట్టూ ఇంతమందికి రొట్టె లేనప్పుడు ఇంక కొనను అని జవాబు రాశారు. నాలుగు చెంచాలే!

అంతకు రెండేళ్ళ ముందు, 1774లో, మనుషుల్ని బానిసలుగా కొని అమ్మడం తప్పు అని ఒక పుస్తకం రాశారు. ఆ వ్యాపారంతో ఇంగ్లాండులో చాలామంది ధనవంతులయ్యారు. అట్లాంటి డబ్బు ఎంత వచ్చినా పాపమే అని రాశారు. అందులో ఆఫ్రికా మనుషులు కష్టపడేవాళ్ళు, న్యాయంగా ఉండేవాళ్ళని కూడా రాశారు. జార్జియాలో ఆదివాసుల గురించి అట్లా రాసిన మనిషే ఇది రాశారు. మధ్యలో ముప్పై ఏడేళ్ళు గడిచాయి.

ఇంకో సంగతి కూడా దాచకుండా రాస్తాను. 1751లో ఆయన మేరీ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నారు. కాపురం బాగా సాగలేదు. ఆయన ఎప్పుడూ గుర్రం మీదే, ఊరూరా. ఆమె విడిచిపోయింది. 1781లో ఆమె చనిపోతే ఆ కబురు ఆయనకి సమాధి అయిపోయాక తెలిసింది. పేదలందరికీ టైం ఇచ్చిన మనిషి ఇంట్లో మనిషికి ఇవ్వలేకపోయారని నాకు అనిపించింది. ఆమెది కూడా తప్పుందని పుస్తకాల్లో ఉంది. ఉన్నా సరే.

1785 జనవరిలో ఆయనకి 81 ఏళ్ళు. ప్రతి ఏడాది ఆ నెలలో పేదలకి బొగ్గులు, రొట్టె పంచేవారు. ఆ ఏడాది వాళ్ళకి బట్టలు కూడా లేవని గమనించారు. తన దగ్గర ఉన్నది ఎప్పుడో అయిపోయింది. అందుకని లండన్ వీధుల్లో ఇంటింటికీ తిరిగి అడుక్కున్నారు. ఐదు రోజులు. మంచు కరిగి వీధుల్లో చీలమండల దాకా నీళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన పాదాలు ఆ చల్లటి నీళ్ళలోనే. 200 పౌన్లు పోగయ్యాయి. శనివారం రాత్రికి కడుపులో జబ్బు చేసి పడిపోయారు. ఆక్స్‌ఫర్డ్‌లో పలచటి గౌనుతో వచ్చిన పిల్లకి కోటు ఇవ్వలేకపోయిన సంగతి ఆయనకి యాభై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుంది అనుకుంటాను. ఇది పుస్తకంలో లేదు, నేను అనుకున్నది.

మన తెలుగు నేలకి కూడా ఆయన పేరు వచ్చింది. ఆయన పోయాక చాలా కాలానికి వెస్లియన్ మిషనరీలు సికింద్రాబాద్, మెదక్ వైపు వచ్చారు. వాళ్ళలో చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు మెదక్‌లో పెద్ద చర్చి కట్టించారు. 1924 డిసెంబర్ 25న అది తెరిచారు. కరువు రోజుల్లో జనానికి ఊరికే పంచకుండా ఆ కట్టుబడి పని ఇచ్చి తిండి పెట్టారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఫౌండరీలో నూలు వడికిన 12 మంది లాగే.

వెస్లీ గారు కుర్రతనం నుంచి ప్రతి పైసా లెక్క రాసేవారు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోయింది అని. 1790 జూలైలో చెయ్యి వణికి అక్షరాలు పడక ఆ పుస్తకం మూసేశారు. నేను కూడా ఈ వేసవిలో ఒక లెక్కల పుస్తకం పెట్టాను. మా అమ్మ తునికాకు కోసి యాభై ఆకులకి ఒక కట్ట కడతది. ఎన్ని కట్టలిచ్చిందో కల్లంలో వాళ్ళు చెప్పిందే ఇన్నాళ్ళూ లెక్క. ఇప్పుడు రోజూ నేను రాస్తున్నాను. మొదటి వారంలోనే ఒక తేడా దొరికింది, అడిగితే సరిచేశారు.

1791 ఫిబ్రవరి 24న, చనిపోయే వారం ముందు, బానిసల వ్యాపారం ఆపడానికి పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్ గారికి ధైర్యం చెప్తూ ఉత్తరం రాశారు. మార్చి 2న లండన్‌లోని సిటీరోడ్ ఇంట్లో కన్నుమూశారు. అప్పటికి 87 ఏళ్ళు. తను చచ్చాక 10 పౌన్లకంటే ఎక్కువ మిగిల్తే తనని దొంగ అనుకోండి అని ఎప్పుడో చెప్పి ఉన్నారు. జేబుల్లో, బల్ల సొరుగుల్లో దొరికిన డబ్బుని నలుగురు బోధకులు పంచుకోవాలని వీలునామాలో రాశారు. శవపేటికకి బండి వద్దన్నారు, గుర్రాలు వద్దన్నారు. ఆరుగురు పేదవాళ్ళు మోయాలి, ఒక్కొక్కరికి 20 షిల్లింగులు ఇవ్వాలి అని రాసిపెట్టారు.

మార్చి 9న జనం ఎక్కువైపోతారని తెల్లారకముందే సమాధి చేశారు. ఆరుగురు మోశారు. తలా 20 షిల్లింగులు తీసుకున్నారు. ఒక పౌను. మంగళవారం బల్ల దగ్గర మొదట్లో ఒక మనిషికి ఇచ్చినంత.

— 9వ తరగతి విద్యార్థిని
(అక్షరదోషాలుంటే మన్నించండి. బొమ్మ వేసింది 8వ తరగతి చెల్లి.)